ఇంజన్ పడుతుంది సరే, బరువెక్కడ పడుతుంది?

మీరడిగింది ఇది: మీ దగ్గర మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5 అనే చిన్న రెండు సీట్ల కారు ఉంది, 1.6 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్. దాన్ని దించేసి జనరల్ మోటార్స్ వారి 5.7 లీటర్ల ఎల్ఎస్1 వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజన్, ఎక్కించాలనుకుంటున్నారు. బానెట్ కింద పడుతుందా, మౌంటింగులు మారిస్తే సరిపోతుందా, ఎన్నాళ్ళ పని అని అడిగారు.

పడుతుంది. ఈ కారులో ఈ ఇంజన్ ఎక్కించినవాళ్ళు ఇప్పటికే చాలామంది ఉన్నారు, అందుకు కావలసిన విడిభాగాలు సెట్లుగా కూడా దొరుకుతాయి. మౌంటింగులు మారిస్తే సరిపోదు. ఇక ఎన్నాళ్ళంటే, వారాంతాల్లో మాత్రమే చేసేవాళ్ళకు ఏడాది అనుకోండి. ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఎవరో మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన కార్లు నా దగ్గరికి చాలా వచ్చాయి. వాటిలో దాదాపు అన్నింట్లోనూ ఇంజన్ చక్కగా కూర్చునే ఉంటుంది. ఇంజన్ కూర్చోగానే సగం పని అయిపోయిందనుకుంటారు. నా లెక్కలో అప్పటికి అయింది పావు వంతే.

మీరు లీటర్లు, హార్స్‌పవర్ చూసి ఇంజన్ ఎంచుకున్నట్టున్నారు. నేనైతే ముందు బరువు చూస్తాను, తర్వాత ఆ బరువు ఎక్కడ కూర్చుంటుందో చూస్తాను. దీనికి ఎంజీ కంపెనీ కార్లను మించిన ఉదాహరణ లేదు. వాళ్ళ ఎంజీబీలో 1.8 లీటర్ల ఇనుప ఇంజన్ ఉండేది. 1967లో దాని బదులు 2.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇనుప ఇంజన్ పెట్టి ఎంజీసీ అని దించారు. పాతదానికంటే ఆ ఇంజన్ దాదాపు 95 కిలోలు ఎక్కువ. పైగా పొడవు. దానికి చోటు చెయ్యడానికి ముందు సస్పెన్షనే మార్చి, చుట్ట స్ప్రింగుల బదులు మెలితిరిగే కడ్డీలు, అంటే టోర్షన్ బార్లు, పెట్టాల్సి వచ్చింది, బానెట్ మీద బొడిపె వచ్చింది. కారు మలుపులో తిరగనని మొండికేస్తుందని అప్పటి విమర్శకులు ఉతికేశారు. 1969లో ఆపేశారు. మళ్ళీ 1973లో అదే ఎంజీబీ బాడీలో రోవర్ వారి 3.5 లీటర్ల వీ8 పెట్టారు. అది అల్యూమినియం ఇంజన్, బరువు పాత నాలుగు సిలిండర్లదాని దగ్గర్లోనే ఉంటుంది. పొట్టిది కాబట్టి వెనక్కి జరిగి కూర్చుంది. లీటర్లు పెరిగాయి, కారు తీరు మాత్రం చెడలేదు. ఒకే కారు, రెండు ఇంజన్లు. పెద్దదే బాగా కుదిరింది.

మీ ఎంపిక ఆ లెక్కన తప్పు కాదు. ఎల్ఎస్1 బ్లాకు కూడా అల్యూమినియమే. క్యామ్‌షాఫ్ట్ బ్లాకు లోపలే ఉండి పుష్‌రాడ్లతో వాల్వులు తెరిచే పాతకాలపు డిజైన్ కాబట్టి హెడ్లు చిన్నవి, మొత్తం ఇంజన్ బయటి కొలత చిన్నది. హెడ్ల మీద రెండేసి క్యామ్‌లున్న ఫోర్డ్ 4.6 లీటర్ల వీ8ను దీని పక్కన పెట్టి చూడండి, లీటరు పైన తక్కువే అయినా వెడల్పులో దీన్ని మించిపోతుంది. అందుకే లీటర్లు చూసి సైజు అంచనా వెయ్యకండి, టేపు పెట్టి కొలవండి.

అయినా బరువు పెరగదని అనుకోవద్దు. ఇంజన్‌తోపాటు పెద్ద గేర్‌బాక్స్, పెద్ద డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె), పెద్ద రేడియేటర్ అన్నీ వస్తాయి. అంతా కలిపి 100 కిలోల చుట్టుపక్కల పెరుగుతుంది. వెయ్యి కిలోల లోపు కారుకు అది తక్కువేమీ కాదు.

ఇప్పుడు కూర్చోబెట్టడం సంగతి. ఇంజన్‌ను వెనక గోడకు, అంటే ఫైర్‌వాల్‌కు, వీలైనంత దగ్గరగా, వీలైనంత కిందికి పెట్టాలి. కానీ అతికించినట్టు పెట్టకూడదు. రబ్బరు మౌంటింగుల మీద ఇంజన్ ఊగుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే ఒక పక్కకు ఒరుగుతుంది. చుట్టూ కనీసం 20, 25 మిల్లీమీటర్ల ఖాళీ లేకపోతే ఎక్కడో ఒకచోట తగిలి టకటక మొదలవుతుంది. చోటు కోసం మరీ కక్కుర్తి పడితే ఎలా ఉంటుందో 1964లో వచ్చిన సన్‌బీమ్ టైగర్ చూస్తే తెలుస్తుంది. చిన్న ఆల్పైన్ కారులో ఫోర్డ్ వీ8 ఇరికించారు. ఆఖరి స్పార్క్ ప్లగ్ పానాకు అందలేదు. ఫైర్‌వాల్‌కు కన్నం పెట్టి రబ్బరు బిరడా బిగించారు, ఆ ప్లగ్ మార్చాలంటే ఆ కన్నంలోంచే. ఫ్యాక్టరీ వాళ్ళకే తప్పలేదు మరి. మీ దాంట్లో సెల్ఫ్ మోటార్ విప్పగలరా, ఎనిమిది ప్లగ్గులూ తీయగలరా, క్లచ్ గాలి తీసే నిపుల్ చేతికి అందుతుందా అన్నది వెల్డింగ్ చెయ్యకముందే చూసుకోండి.

దీనికి పూర్తి ఇంజన్‌తో కుస్తీ పట్టక్కర్లేదు. లోపల ఏమీ లేని పాడైన బ్లాకు, రెండు హెడ్లు, ఖాళీ గేర్‌బాక్స్ డొల్ల తెచ్చుకుంటే ఇద్దరు మనుషులు ఎత్తి దించొచ్చు. నేనిప్పటికీ అలాగే చేస్తాను. దాన్ని పాతికసార్లు పెట్టి తీస్తాను. స్టీరింగ్‌ను రెండు పక్కలా చివరిదాకా తిప్పి చూడాలి. స్ప్రింగులు తీసేసి చక్రాన్ని జాకీతో పైదాకా నెట్టి చూడాలి. స్టీరింగ్ రాడ్డు పక్కనుంచి ఎగ్జాస్ట్ పైపు పోతుందేమో, బ్రేకు గొట్టాలు దాని వేడికి దగ్గరున్నాయేమో చూడాలి.

ఈ కారులో అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది ఇంజన్ కింది ఆయిల్ చాంబర్. ముందున్న సబ్‌ఫ్రేమ్ (ఇంజన్‌నూ సస్పెన్షన్‌నూ మోసే చట్రం), స్టీరింగ్ రాక్ సరిగ్గా అది దిగాల్సిన చోటే ఉంటాయి. అందుకే చాలామంది ముందు సబ్‌ఫ్రేమ్ మొత్తం మార్చేస్తారు. ఎల్ఎస్ ఇంజన్లకు రకరకాల కార్ల కోసం రకరకాల ఆకారాల్లో చాంబర్లు వచ్చాయి, మీ సబ్‌ఫ్రేమ్‌కు తగ్గది ఎంచుకోండి. ఉన్నదాన్ని కోసి వెల్డింగ్ చేసేవాళ్ళూ ఉన్నారు. ఎలా చేసినా లోపల ఆయిల్ పీల్చే గొట్టం ఆ చాంబర్‌కు సరిపోవాలి. పిల్లలు ఆడుకునే రంగు మట్టి ఉంటుంది కదా, చిన్న ముద్ద ఆ గొట్టం మూతికి అంటించి చాంబర్ బిగించి మళ్ళీ విప్పండి. నొక్కుకుపోయిన మట్టి మందం కొలిస్తే అడుగుకూ గొట్టానికీ ఎంత ఖాళీ ఉందో తెలిసిపోతుంది. నేను 8 మిల్లీమీటర్లు ఉండేట్టు చూసుకుంటాను. మరీ దగ్గరైతే ఆయిల్ అందదు, మరీ దూరమైతే మలుపులో గాలి పీలుస్తుంది.

ఆ గొట్టం పంపులోకి దూరేచోట ఒక చిన్న ఓ-రింగ్ ఉంటుంది. మొదటిసారి ఎల్ఎస్ చేసినప్పుడు దాన్ని పొడిగా నెట్టేశాను. ఒకవైపు నలిగిపోయింది, నాకు తెలియలేదు. స్టార్ట్ చేశాక ఆయిల్ ప్రెషర్ వచ్చింది గానీ వేడెక్కేకొద్దీ ముల్లు దిగిపోతోంది. మీటర్ తప్పనుకుని మీటర్ మార్చాను, సెన్సార్ మార్చాను. చివరికి ఇంజన్ పైకెత్తి చాంబర్ విప్పితే చిటికెనవేలంత లేని రబ్బరు ముక్క. దానికి ఆయిల్ రాసి, ఒంకర లేకుండా నెట్టి, తర్వాతే బోల్టు బిగించండి. ఆ ఇంజన్ కారులోకి వెళ్ళాక ఈ పని చెయ్యాలంటే ఏడుపొస్తుంది.

ఇంజన్ వెనక ఏముందో ఇప్పుడు చూద్దాం. అసలు కష్టమంతా అక్కడే. చిన్న లెక్క వెయ్యండి. మీ 1.6 ఇంజన్ టార్క్, అంటే తిప్పే బలం, దాదాపు 136 న్యూటన్ మీటర్లు. మొదటి గేరు నిష్పత్తి 3.136, డిఫరెన్షియల్ 4.3. మూడూ గుణిస్తే వెనక యాక్సిల్ దగ్గర 1,830 వరకు వస్తుంది. ఎల్ఎస్1 టార్క్ 475 దాకా ఉంటుంది. దాని వెనక సాధారణంగా వచ్చే టీ56 ఆరు గేర్ల బాక్సులో మొదటి గేరు 2.66. అదే 4.3 డిఫరెన్షియల్ ఉంచితే 5,430. మూడింతలు! డిఫరెన్షియల్‌ను 3.27కు మార్చినా 4,130 పైన ఉంటుంది. మీ కారు వెనక టైర్లు నేలను పట్టి ఉండగలిగే శక్తికి అది కూడా సుమారు రెట్టింపు, అంటే టైరు ముందే జారిపోతుంది. మామూలు టైర్లున్నన్నాళ్ళు డిఫరెన్షియల్ బతకడానికి కారణం ఇదే, టైరు జారి దాన్ని కాపాడుతూ ఉంటుంది. మంచి పట్టున్న టైర్లు వేసిన రోజే పళ్ళు రాలిపోతాయి. 1.6 కార్లలో వచ్చిన చిన్న డిఫరెన్షియల్ మీద ఆశ పెట్టుకోకండి. తర్వాతి 1.8 కార్లలోది కొంత గట్టిది, కానీ వీ8కు అదీ చాలదు. పెద్ద కారు డిఫరెన్షియల్, దాన్నుంచి చక్రాలకు వెళ్ళే హాఫ్ షాఫ్టులు దానికి తగ్గవి రావాల్సిందే. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడితే ఎలా?

ఇక్కడ ఎంఎక్స్-5లో తిరకాసు ఒకటి ఉంది. గేర్‌బాక్స్ తోకనూ డిఫరెన్షియల్ ముక్కునూ కలుపుతూ ఒక అల్యూమినియం దూలం ఉంటుంది, పవర్ ప్లాంట్ ఫ్రేమ్ అంటారు. డిఫరెన్షియల్ ముక్కు పైకి లేవకుండా పట్టుకునేది అదే. గేర్‌బాక్స్ మారితే అది ఎగిరిపోతుంది. అప్పుడు గేర్‌బాక్స్‌కు వేరే ఆధారం, డిఫరెన్షియల్‌కు వేరే చట్రం కట్టాలి. మౌంటింగులు మారిస్తే సరిపోదని మొదట్లో అన్నది ఇందుకే.

గేర్‌బాక్స్‌కూ డిఫరెన్షియల్‌కూ మధ్య తిరిగే ప్రొపెల్లర్ షాఫ్ట్ గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే దీంతో నేను మూడు వారాలు పోగొట్టుకున్నాను. అది చిన్న రెండు సీట్ల కారు, వీ8. అంతా అయిపోయింది, 90 కిలోమీటర్ల వేగం దాటగానే సీటు కింద జుమ్మని వణుకు. షాఫ్టును రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించాను. షాఫ్టు రెండు చివర్లలో వంగే క్రాస్‌లు కొత్తవి వేశాను. చక్రాలు మార్చి చూశాను. చివరికి కోణం కొలిచే మీటర్ పెట్టి చూస్తే గేర్‌బాక్స్ తోక నాలుగున్నర డిగ్రీలు కిందికి చూస్తోంది, డిఫరెన్షియల్ ముక్కు మూడు డిగ్రీలు పైకి చూస్తోంది. నేల మధ్యలో గేర్‌బాక్స్‌ను కప్పే టన్నెల్ రేకుకు తగులుతోందని గేర్‌బాక్స్‌ను కిందికి దించింది నేనే. రేకును సుత్తితో నాలుగు దెబ్బలు వెయ్యడానికి బద్ధకించి చేసిన పని.

జరిగేదేమిటంటే, క్రాస్ జాయింట్ కోణంలో తిరిగినప్పుడు అవతలి షాఫ్టు ఒకే వేగంతో తిరగదు. ప్రతి చుట్టుకూ రెండుసార్లు వేగం పెరిగి తగ్గుతుంది. రెండో జాయింట్ అంతే కోణంలో ఉంటే ఆ హెచ్చుతగ్గులను వెనక్కి రద్దు చేసేస్తుంది. గేర్‌బాక్స్ షాఫ్టు, డిఫరెన్షియల్ షాఫ్టు ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలనేది అందుకే. రెండు కోణాలూ సమానం కాకపోతే మిగిలిన తేడా వణుకుగా వస్తుంది, ఎంత బ్యాలెన్సింగ్ చేసినా పోదు. టన్నెల్ కొట్టి, గేర్‌బాక్స్ మౌంటింగ్ కింద 24 మిల్లీమీటర్ల దిమ్మ పెట్టాక అది మాయమైంది. ఒక్కో జాయింట్ దగ్గర కోణం మూడు డిగ్రీలలోపు ఉంచండి, అలాగని సున్నా కూడా చెయ్యకండి. అసలు కోణమే లేకపోతే క్రాస్ లోపలి సూది బేరింగులు దొర్లవు, ఉన్నచోటే గుంటలు పడతాయి.

కూలింగ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. పెట్రోలులో ఉన్న శక్తిలో సుమారు మూడో వంతు నీళ్ళలోకి వేడిగా పోతుంది, కాబట్టి రెండింతలు పవర్ వాడితే రెండింతలు వేడి. పెద్ద రేడియేటర్ అందరూ వేస్తారు. దాని చుట్టూ సందులు మూయడం మాత్రం చాలామంది మర్చిపోతారు. గాలికి పక్కనుంచి దారి ఉంటే రేడియేటర్ లోంచి ఎందుకు పోతుంది? రేకుతో, స్పాంజితో సందులన్నీ మూయండి. ఎల్ఎస్ హెడ్ల మీద ఆవిరి బయటికి పోయే చిన్న గొట్టం ఉంటుంది, దాన్ని మూసేసేవాళ్ళను చూశాను. అది తప్పు, రేడియేటర్ పైభాగానికో ట్యాంకుకో కలపండి. ఈ కారు బానెట్ చాలా కిందికి ఉంటుంది కాబట్టి నీళ్ళు పోసే చోటు ఇంజన్ కంటే కింద ఉండిపోయి గాలి లోపలే చిక్కుకుంటుంది. కారు ముక్కు పైకెత్తి నీళ్ళు పోస్తే సగం బాధ తీరుతుంది.

పెట్రోలు పంపుకు లెక్క: 350 హార్స్‌పవర్ పూర్తిగా వాడితే గంటకు 105, 110 లీటర్ల దాకా తాగుతుంది. ప్రెషర్ 58 పీఎస్ఐ కావాలి. మీ పాత పంపు ఈ రెండూ ఇవ్వలేదు. ఆ ప్రెషర్‌కు తట్టుకునే గొట్టాలే వాడండి, ఇక్కడ పొదుపు వద్దు.

వైరింగ్ అంటే అందరికీ టెన్షన్. నిజానికి భయపడాల్సింది తెగ్గోసిన వైరింగ్‌కే. ఇంజన్ ఏ కారులోంచి తీశారో దాని కంప్యూటర్, పూర్తి వైర్ల కట్ట, సెన్సార్లు అన్నీ ఒకే కారువి ఉండేట్టు చూసుకోండి. ఎల్ఎస్1లో క్రాంక్ వేగం చదివే చక్రానికి 24 పళ్ళు, తర్వాత వచ్చిన ఎల్ఎస్ ఇంజన్లలో 58. అక్కడిదీ ఇక్కడిదీ కలిపేస్తే ఒకదాని భాష ఒకదానికి అర్థం కాదు. ఆ కంప్యూటర్‌లో దొంగతనం జరగకుండా ఒక లాక్ ఉంటుంది. దాన్ని ప్రోగ్రామింగ్‌లో తీయించకపోతే ఇంజన్ స్టార్టయి వెంటనే ఆగిపోతుంది, మీరేమో పెట్రోలు పంపును అనుమానిస్తూ కూర్చుంటారు. ఇక ఎర్తింగ్. ఇంజన్ నుంచి బాడీకి, బాడీ నుంచి బ్యాటరీకి మందపాటి తీగలు వెయ్యండి, రంగు గీకి బిగించండి. ఎంఎక్స్-5లో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, దారి పొడవు. సెల్ఫ్ కొడుతుండగా మల్టీమీటర్ ఒక ముల్లు బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకోటి ఇంజన్ బ్లాకు మీద పెట్టండి. 0.2 వోల్టులకు మించి చూపిస్తే ఎర్త్ బాగాలేదన్నమాట. వింత వింత సెన్సార్ ఎర్రర్లలో చాలావరకు అక్కడే పోతాయి.

బ్రేకుల గురించి అడగలేదు మీరు. అడగాల్సింది. వేగం 40 శాతం పెరిగితే ఆపాల్సిన శక్తి దాదాపు రెట్టింపవుతుంది, పైగా బరువూ పెరిగింది. మీ ముందు డిస్కులు 235 మిల్లీమీటర్లవి. వెనక డిఫరెన్షియల్ మార్చేటప్పుడే ముందు, వెనక బ్రేకులు కలిపి మార్చండి, ముందువి మాత్రమే పెద్దవి చేస్తే పంపకం దెబ్బతింటుంది. స్ప్రింగులు కూడా వాటిమీద పడ్డ బరువు ఎంత శాతం పెరిగిందో అంత శాతం గట్టివి కావాలి.

అందుకే నా సలహా కొంచెం తలకిందులుగా ఉంటుంది: ఇంజన్ ఆఖరున ఎక్కించండి. ముందు పాత 1.6 తోనే బ్రేకులు, సస్పెన్షన్, రేడియేటర్, పెట్రోలు గొట్టాలు మార్చండి. ఒక్కోటి మార్చాక కారు రోడ్డెక్కుతుంది, ఏది తేడా చేసిందో తెలుస్తుంది. అన్నీ ఒకేసారి విప్పితే ఎక్కడ శబ్దం వస్తోందో వెతకడానికే ఆరు నెలలు పడుతుంది. మధ్యలో ఇంట్లో ఏదో పని పడి ఆగిపోయినా కారు కనీసం నడుస్తూ ఉంటుంది. ఇలా చేసినవాళ్ళలో కొందరు సగం దారిలో "ఇదే బాగుంది, 1.8 ఇంజన్ చాలు" అనుకుని ఆగిపోయారు. అది ఓటమేమీ కాదు. అదే కుటుంబం ఇంజన్ కాబట్టి 1.8 దాదాపు బోల్టులకు బోల్టులు కూర్చుంటుంది. ఇంకాస్త కావాలంటే హోండా 2.4 లీటర్ల కే24 ఉంది, అల్యూమినియం, నాలుగు సిలిండర్లే, ముక్కు బరువు పెరగదు. నాకు వ్యక్తిగతంగా ఈ కారులో అదే ఇష్టం. వీ8 శబ్దం కావాలంటే మాత్రం దానికి వేరే మందు లేదు, అది నేనూ ఒప్పుకుంటాను.

ఎల్ఎస్1 కే వెళ్తే విడి ఇంజన్ కొనకండి, యాక్సిడెంట్‌లో దెబ్బతిన్న పూర్తి కారు కొనండి. ఇంజన్ అందులో ఉండగానే స్టార్ట్ చేసి, వేడెక్కనిచ్చి, కంప్రెషన్ చూసి, ఆయిల్ ప్రెషర్ రాసుకోండి. పెడల్, క్లచ్ సిలిండర్, బ్రాకెట్లు, ఆఖరికి బోల్టులు కూడా ఒక్కటీ పారెయ్యకండి. ఆక్సిజన్ సెన్సార్ ప్లగ్ ఒక్కటి దొరక్క నెల ఆగిన కారు నాకు తెలుసు. ఇంజన్ బయట ఉన్నప్పుడే వెనక ఆయిల్ సీలు, క్లచ్, వాటర్ పంపు మార్చేయండి.

రిజిస్ట్రేషన్, పొగ పరీక్ష, బీమా నియమాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. ఇంజన్ మార్పుకు అనుమతి ముందే కావాలా, తర్వాత తనిఖీ ఉంటుందా అన్నది రాతపూర్వకంగా తెలుసుకున్నాకే డబ్బు ఖర్చు పెట్టండి.

ఇప్పటికి మీరు చెయ్యాల్సినవి రెండు. కారును నాలుగు చక్రాల కింద నాలుగు తూకాలు పెట్టి, డ్రైవర్ సీట్లో మీరు కూర్చుని, ఒక్కో చక్రం మీద ఎంత పడుతోందో రాసుకోండి. ఫైర్‌వాల్ నుంచి రేడియేటర్ దాకా, స్టీరింగ్ రాక్ నుంచి బానెట్ దాకా కొలతలు తీయండి. ఆ అంకెలు, మీరు వెయ్యాలనుకుంటున్న టైరు సైజు చెప్పండి, డిఫరెన్షియల్ నిష్పత్తి ఎంత పెట్టాలో అప్పుడు లెక్క చేసి చెప్తాను.